విడుదలైన ఖైదీల కోసం 12 పడకల ఇల్లు: నడిపే మనుషులు ఎంతమంది కావాలి, ఎలాంటివాళ్ళు కావాలి?

మౌలాలి_వాసి అడిగిన ప్రశ్న

నమస్కారమండీ. చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ళ నుంచి విడుదలై, వెళ్ళడానికి ఇల్లు లేని మగవాళ్ళ కోసం ఈసీఐఎల్, కుషాయిగూడ వైపు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని నడపాలనుకుంటున్నాం. కింద రెండు గదులు, పైన మూడు. 12 మంచాలు పడతాయి. సొసైటీ రిజిస్ట్రేషన్ ఏడుగురు సభ్యులతో అయిపోయింది. ఒక్కొక్కరిని మూడు నుంచి ఆరు నెలలు ఉంచుకోవాలని ఆలోచన. ఒక వార్డెన్, ఒక వంటమనిషి ఉంటే చాలని మాలో కొందరంటున్నారు. నాకైతే నమ్మకం కుదరడం లేదు.

సిబ్బంది ఎంతమంది కావాలి? మొదటి వారం ఏం చూసుకోవాలి? పోలీసులతో ఎలా మెలగాలి? ఇలాంటి ఇళ్ళు ఏడాది తిరక్కుండా ఎందుకు మూతపడతాయి? ఈ పని తెలిసినవాళ్ళు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

---

రాత్రిడ్యూటీ

ముందు గంటల లెక్క చూడండి. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తాడనుకుంటే, ఆ ఇంట్లో పగలూ రాత్రీ ఒక్క బాధ్యుడు ఉండాలన్నా మూడున్నర మంది కావాలి. జ్వరాలు, పండగలు, ఊరి ప్రయాణాలు కలుపుకుంటే నలుగురు. ఒకే వార్డెన్‌తో మొదలైన ఇల్లు ఎలా చెడుతుందో ఈ లెక్కే చెబుతుంది. మొదటి నెల అతను 24 గంటలూ ఉంటాడు. రెండో నెల రాత్రి నిద్రపోతాడు. మూడో నెల తాళంచెవి ఒక పాత నివాసి చేతిలో పెట్టి తన ఇంటికి వెళ్ళిపోతాడు. తాళం ఆ చేతికి వెళ్ళిన రోజు నుంచి అది ఇల్లు కాదు, జైలు బ్యారక్. ఎవరు ఏ మంచం మీద పడుకోవాలో, ఎవరి బీడీలు ఎవరికి చెందాలో ఆ ఒక్కడే చెబుతాడు. కొత్తగా వచ్చినవాడికి ఆ పద్ధతి బాగా తెలుసు కాబట్టి నోరెత్తడు. మీ చెవిన పడేసరికి నెలలు గడిచిపోతాయి.

కాబట్టి 12 మందికి ఒక ఇన్‌చార్జి, ముగ్గురు షిఫ్టు వార్డెన్లు, ఒక్కొక్కరి కాగితాలు, కేసులు, పని చూసే ఒక కేస్ వర్కర్, ఒక వంటమనిషి, వారానికి రెండు పూటలు వచ్చే కౌన్సెలర్ కావాలి. ఇన్‌చార్జి కూడా షిఫ్టుల్లో తన వంతు చేయాలి, అందులో వారానికి కనీసం ఒక రాత్రి ఉండాలి. రాత్రి ఎలా ఉంటుందో తెలియని ఇన్‌చార్జి పెట్టే నియమాలు పగటికే పనికొస్తాయి. ఇంతమందికి జీతాలిచ్చే స్తోమత లేకపోతే పడకలు ఆరుకు తగ్గించండి, మనుషులను మాత్రం తగ్గించవద్దు.

రాత్రి వార్డెన్‌కు కండబలం ఉన్నవాణ్ణి వెతకవద్దు. అర్ధరాత్రి రెండు గంటలకు చెప్పే మాట, మధ్యాహ్నం రెండు గంటలకు చెప్పే మాట ఒకటే అయినవాణ్ణి వెతకండి. "కాదు" అని చెప్పాక కూడా అక్కడే కూర్చుని మాట్లాడగలగాలి. చదవగలిగేలా రాయడం రావాలి. ఇంటర్వ్యూ చేసి పెట్టేసుకోకండి. రెండు రాత్రులు కూలి ఇచ్చి పని చేయించి, తెల్లారాక అతను పుస్తకంలో ఏం రాశాడో చూడండి. "అంతా ప్రశాంతం" అని ఒక్క ముక్క రాసినవాడు పనికిరాడు. "1.40కి మూడో మంచం ఆయన లేచి మెట్ల మీద కూర్చున్నారు, అరగంట మాట్లాడాను, 2.30కి పడుకున్నారు" అని రాసినవాణ్ణి వదులుకోకండి. రిటైరైన జైలు సిబ్బందిని పెట్టుకోవచ్చు, అయితే పగటి పనులకే. ఎందుకంటే చీకటి పడగానే వాళ్ళకు తెలియకుండానే గొంతు మారుతుంది, ఖైదీల తలల లెక్క మొదలవుతుంది.

సిబ్బందికి ముందుగా నేర్పాల్సినవి చిన్న సంగతులే. పదేళ్ళు లోపల ఉన్న మనిషి తలుపు తనే తీసుకుని ఎరగడు. మీ ఇంట్లో గేటు దగ్గరికి వచ్చి, అడగకుండా, అలా నిలబడిపోతాడు. అది మొండితనం అనుకోకూడదు. "తలుపు తీసే ఉంది, వెళ్ళండి" అని పదిసార్లు చెప్పాలి. బ్యారక్‌లో రాత్రంతా లైటు వెలుగుతుంది కాబట్టి చీకట్లో నిద్ర పట్టదు. ప్రతి గదిలో ఒక జీరో వాట్ బల్బు ఉంచండి. వీపు గోడకు ఆనే మంచం అడుగుతారు, ఇవ్వండి. జైల్లో తలలు లెక్కపెట్టే వేళకు లేచి కూర్చుంటారు. పేరు పెట్టి, గారు చేర్చి పిలవండి. నంబరు, కేసు, సెక్షను పేరుతో పిలవడం ఒక్క రోజు కూడా సాగనివ్వకూడదు.

గదుల తలుపులకు బయటి వైపు గడియ ఉంటే ఇల్లు తెరవకముందే వడ్రంగిని పిలిచి ఊడదీయించండి. బయటి నుంచి గడియ పెట్టి మనిషిని ఉంచితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 127 కింద అక్రమ నిర్బంధం అవుతుంది. తాగి వచ్చాడనో, గొడవ చేశాడనో ఆ పని చేసిన వార్డెనే నేరస్థుడవుతాడు. అలాగే ఆధార్ కార్డు, ఫోను, బ్యాంకు పాసుపుస్తకం "భద్రంగా ఉంచుతాం" అని అట్టిపెట్టుకోవద్దు. ప్రతి ఒక్కరికీ తాళం ఉన్న చిన్న బీరువా అర ఇచ్చి, తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంచండి. రెండో చెవి సీలు వేసిన కవర్లో, ఇద్దరి సంతకాలతో.

తాగి వచ్చినవాణ్ణి రాత్రి బయటికి గెంటకూడదు. ఈ ఒక్క నియమం మీద సిబ్బంది అందరూ ఒక్క మాట మీద ఉండాలి. కింది గదిలో విడిగా ఒక మంచం ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. అక్కడ పక్కకు తిప్పి పడుకోబెట్టి, గంటకోసారి చూసి, మాటలు పొద్దున్నే పెట్టుకోండి. కొట్లాట, ఆయుధం, మత్తుమందు అమ్మకం, తోటివాడి డబ్బు దొంగతనం, ఈ నాలుగింటికి మాత్రం ఇల్లు వదలాలి. అదీ పగటి పూట, ఎక్కడికి వెళ్తున్నాడో రాసుకుని, చేతిలో బస్సు ఛార్జీ పెట్టి.

పన్నెండు మందినీ ఒకేసారి నింపవద్దు. నలుగురితో మొదలుపెట్టి నెలకు ఇద్దరిని పెంచండి. అందరూ కొత్తవాళ్ళే అయిన ఇంట్లో నియమం చెప్పేది సిబ్బంది ఒక్కరే. సగం మంది పాతవాళ్ళయితే వాళ్ళే చెబుతారు. విడుదలకు 60 రోజుల ముందు, 30 రోజుల ముందు, వారం ముందు, ఇలా మూడుసార్లు కేస్ వర్కర్ సూపరింటెండెంట్ అనుమతితో లోపలికి వెళ్ళి కలవాలి. ములాఖత్‌కు (జైల్లో కలవడానికి) గత ఏడాదిలో ఎవరు వచ్చారో విడుదలయ్యే మనిషినే అడగండి. ఎవరూ రాలేదంటే ఇంటివాళ్ళను కలిసే పని విడుదలకు ముందే మొదలవ్వాలి. చర్లపల్లిలో పక్కనే ఉన్న ఓపెన్ జైలు నుంచి వచ్చేవాళ్ళకు బయటి పని, పొలం, గాలి అలవాటై ఉంటాయి. నేరుగా బ్యారక్ నుంచి వచ్చేవాళ్ళకు ఇంకో నెల ఎక్కువ పడుతుందని లెక్కేసుకోండి.

---

నాంపల్లి_వకీలు

పైవారు సిబ్బంది గురించి బాగా చెప్పారు. నేను కాగితాల గురించి చెబుతాను. కేస్ వర్కర్‌కు ఇవి నోటికి రావాలి.

విడుదలయ్యే మనిషి ఏ రకమో ముందు తెలుసుకోండి. శిక్ష పూర్తయినవాడు, బెయిలు మీద వచ్చినవాడు, రెమిషన్ (శిక్ష తగ్గింపు) మీద ముందుగా విడుదలైనవాడు, పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద నిర్బంధం ముగిసినవాడు, నలుగురికీ షరతులు వేరు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం 213 మందిని సత్ప్రవర్తన మీద ముందుగా విడుదల చేసింది. అలాంటి విడుదలలో పూచీకత్తు బాండు, గడువు ప్రకారం హాజరు లాంటి షరతులుంటాయి. ఉత్తర్వు జిరాక్సు తీసుకుని, తేదీలన్నీ గోడ క్యాలెండరు మీద రాయండి. ఒక్క హాజరు తప్పినా రెమిషన్ రద్దు దాకా వెళ్ళే ప్రమాదం ఉంది. బెయిలు మీద ఉన్నవాడికి ఠాణాలో సంతకం, కోర్టు వాయిదా ఉంటాయి. వాయిదా తప్పితే నాన్‌బెయిలబుల్ వారెంటు. అవతల పని పోతుందని వాయిదా మానేసేవాళ్ళే ఎక్కువ. అందుకని యజమానితో ముందే మాట్లాడి పెట్టడం కేస్ వర్కర్ పని.

గేటు దగ్గరే మళ్ళీ అరెస్టు కావడం చాలా మామూలు. ఇంకో కేసులో పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ణి ఆ కేసు కోర్టుకు తెమ్మనే ఉత్తర్వు) పెండింగులో ఉంటే ఈ కేసులో బెయిలొచ్చినా బయటికి రాలేడు. విడుదలకు వారం ముందే జైలు కార్యాలయంలో అడగండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతో, కేసు నంబరుతో వెతకడం ఉచితం. విడుదల ఉత్తర్వు సాయంత్రం లెక్క అయ్యాక చేరితే మర్నాటికి వాయిదా పడుతుంది. కాబట్టి ఆటో, మనిషి రెండు రోజులకూ సిద్ధంగా ఉండాలి.

బెయిలు వచ్చీ జామీను లేక లోపలే ఉండిపోయినవాళ్ళ కోసం 2023లో కేంద్రం పేద ఖైదీలకు సహాయ పథకం తెచ్చింది. విచారణ ఖైదీకి, జరిమానా కట్టలేని శిక్ష ఖైదీకి జిల్లా కమిటీ డబ్బు మంజూరు చేస్తుంది (2023 నియమాల్లో వరసగా 40,000, 25,000 రూపాయల వరకు). ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల చట్టం), ఉపా (ఉగ్రవాద నిరోధక చట్టం), మనీలాండరింగ్, అవినీతి కేసులకు వర్తించదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా వెళ్ళండి, హెల్ప్‌లైన్ 15100. మీ సిబ్బంది మాత్రం ఎవరికీ ష్యూరిటీ నిలబడకూడదు. అతను పారిపోతే బాండు జప్తు ఒక్కటే నష్టం కాదు. ఆ రోజు నుంచి వార్డెన్ అప్పిచ్చినవాడిలా చూస్తాడు, ఇవతల మనిషి అప్పు పడ్డవాడిలా తప్పుకు తిరుగుతాడు.

పోలీసుల సంగతి. ఇల్లు తెరిచే ముందే స్థానిక ఠాణా ఎస్‌హెచ్‌వోకు (ఠాణా అధికారికి) ఉత్తరం ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. అందులో సొసైటీ నంబరు, ఇన్‌చార్జి ఫోను, పడకల సంఖ్య రాస్తే చాలు. నివాసుల నేర వివరాలు రాయనక్కర్లేదు. ఆ చుట్టుపక్కల గొలుసు దొంగతనం జరిగితే మొదట మీ గేటే తడతారు, దానికి సిబ్బంది సిద్ధపడి ఉండాలి. అడగాల్సినవి మూడే: ఎవరు కావాలి, ఏ కేసు, కాగితం ఏది. నోటీసు అయితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద రాతపూర్వకంగా ఇవ్వాలి. అరెస్టు అయితే కారణం చెప్పాలి, మెమో రాయాలి, అదే సంహిత సెక్షన్ 48 ప్రకారం బంధువుకో, అతను చెప్పిన మనిషికో కబురు పెట్టాలి. వచ్చిన అధికారి పేరు, హోదా, వేళ పుస్తకంలో రాసుకోండి. అడ్డం పడవద్దు, కేకలు వేయవద్దు, దాచనూ వద్దు. వెంట ఒక సిబ్బంది ఠాణా దాకా వెళ్ళాలి.

రౌడీ షీటు ఉన్నవాడికి అది 601, 602 పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ల కింద నడుస్తుంది. ఏళ్ళ తరబడి గొడవ లేనివాడి షీటు మూసేయమని అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీకి మీ ఇంటి హాజరు పుస్తకం, పని ఇచ్చిన యజమాని ఉత్తరం బలమైన కాగితాలు.

ఆధార్ దగ్గర అందరూ చిక్కుకుంటారు. పాత సిమ్ 90 రోజులు వాడకపోతే రద్దయి, ఆ నంబరు ఇంకొకరికి పోతుంది. ఓటీపీ వాళ్ళకు వెళ్తుంది. కాబట్టి వరస తప్పవద్దు: మొదట కొత్త సిమ్, తర్వాత ఆధార్ కేంద్రానికి మనిషిని తీసుకెళ్ళి మొబైల్ నంబరు మార్పు (దీనికి కాగితాలు అడగరు, వేలిముద్ర చాలు), ఆ తర్వాతే చిరునామా. చిరునామాకు యూఐడీఏఐ నమూనా పత్రం మీద ఎమ్మెల్యే గానీ గెజిటెడ్ అధికారి గానీ సంతకం చేస్తే, అది మూడు నెలలు చెల్లుతుంది. రాళ్ళ పని, సున్నం పని చేసినవాళ్ళ వేలిరేఖలు అరిగిపోయి యంత్రం ఒప్పుకోదు, కంటిపాప స్కాన్ అడగండి. బ్యాంకు ఖాతా రెండేళ్ళు వాడకపోతే నిద్రాణమవుతుంది, కేవైసీ ఇస్తే తిరిగి తెరుస్తారు. పదేళ్ళు దాటితే డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది, అయినా పాత బ్రాంచిలో అర్జీ పెట్టి రాబట్టుకోవచ్చు. జీవిత ఖైదు నుంచి వచ్చినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. డ్రైవింగ్ లైసెన్సు గడువు దాటి ఏడాది మించితే మళ్ళీ డ్రైవింగ్ పరీక్ష ఇవ్వాలి.

---

వార్డు_నర్సు

రాత్రిడ్యూటీ గారు "పక్కకు తిప్పి పడుకోబెట్టండి" అన్నారు. దానికి కొంచెం చేర్చాలి, ఎందుకంటే ఇది ప్రాణానికి సంబంధించిన మాట.

మన దగ్గర కల్లు కాంపౌండ్లలో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. లోపలికి వెళ్ళేముందు రోజుకు నాలుగు సీసాలు తాగినవాడికి, ఏడాది మానేశాక శరీరం ఆ మోతాదు మరిచిపోతుంది. విడుదలైన రోజే పాత స్నేహితుడితో పాత లెక్క తాగితే ఊపిరి ఆగిపోవచ్చు. గంజాయి కన్నా మత్తుమాత్రలు, నల్లమందు రకాలు వాడినవాళ్ళకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైనవాళ్ళ మీద జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో మరణించే ప్రమాదం మామూలు జనం కన్నా 12.7 రెట్లు ఉందని తేలింది. మోతాదు మించడమే అందులో మొదటి కారణం. అక్కడి మందులు వేరు, శరీరం మరిచిపోయే తీరు మాత్రం ఒకటే.

రాత్రి వార్డెన్ చూడాల్సింది: పిలిస్తే, భుజం గట్టిగా నొక్కితే పలుకుతున్నాడా, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు. పదికి తగ్గినా, గురక తెగితెగి వస్తున్నా, పెదాలు నీలంగా మారినా 108. పక్కకు తిప్పి ఉంచండి. మత్తు దిగుతుందని మజ్జిగ, నిమ్మరసం పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటివాణ్ణి గంటకోసారి చూస్తే చాలదు, పది నిమిషాలకోసారి చూడాలి.

దీనికి తిరగబడ్డ ప్రమాదం ఇంకొకటి. వారం పది రోజులు బయట వరసగా కల్లు తాగి మీ దగ్గరికి వచ్చి, ఒక్కసారిగా మానేసినవాడు. మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి, లేనివి కనబడడం, ఫిట్స్ రావచ్చు. "ఓర్చుకో, తగ్గుతుంది" అనకూడదు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి కేసులు కొత్త కాదు. ఉస్మానియా, గాంధీ కూడా ఉన్నాయి.

మొదటి రోజే అడగాల్సినవి: జైలు ఆసుపత్రి చీటీ, వాడుతున్న మాత్రలు ఎన్ని రోజులకు ఉన్నాయి, రెండు వారాలకు మించి దగ్గు ఉందా. టీబీ మందు మధ్యలో ఉన్నవాడి నిక్షయ్ (ప్రభుత్వ టీబీ రోగుల రికార్డు) నంబరు తీసుకుని దగ్గరి ప్రభుత్వ కేంద్రానికి బదిలీ చేయించండి. ఆరు నెలల కోర్సు విడుదల రోజున తెగిపోవడం మందుకు లొంగని టీబీకి దారి. నెలకు 1,000 రూపాయల పోషణ సాయం బ్యాంకు ఖాతాకే వస్తుంది కాబట్టి పై వకీలుగారి వరస ఇక్కడా పనికొస్తుంది. హెచ్‌ఐవీ మందుల కార్డు సంగతి ఒంటరిగా, తలుపు వేసి అడగండి. ఆ వివరం కేస్ వర్కర్ దాటి ఇన్‌చార్జికి కూడా చేరకూడదు. మానసిక వ్యాధి మందులు జైల్లో వాడినవాడికి ఒక్క వారం తప్పినా మళ్ళీ మొదటికి రావచ్చు. టెలీ మానస్ 14416 నంబరు ఫోను పక్కన అంటించండి.

ఇంటివాళ్ళు "రావద్దు" అని చెప్పిన రాత్రి, శిక్ష పడే వాయిదాకు ముందు రాత్రి, ఈ రెండు రాత్రులూ ఆ మనిషి పక్కన ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. షిఫ్టు పట్టీలో ముందే రాసుకోండి.

---

అడ్డా_మేస్త్రి

అందరూ మంచిగ చెప్పిన్రు. పని గురించి ఎవరూ రాయలే, నేను రాస్త.

వారం దాటినంక మనిషిని ఖాళీగ కూసోబెడితే ఇల్లు ఆగమైతది. అట్లని రెండో రోజే కూలీల అడ్డా మీదికి తోలొద్దు. లోపల పొద్దున్నుంచి సాయంత్రం దాక చేసే పని వేరు, బయట సెంట్రింగ్ పని వేరు. ఎండల నాలుగు గంటలు కొట్టేసరికి పడిపోతరు. మొదటి వారం కాగితాలు, దవాఖాన. రెండో వారం అరపూట పని. మూడో వారం నుంచి పూర్తి కూలి.

సెక్యూరిటీ గార్డు, యాప్‌ల డెలివరీ, క్యాబ్, వీటిల పోలీస్ వెరిఫికేషన్ ఉంటది, ఆశ పెట్టొద్దు. ఆశ పెట్టి రిజెక్టు అయితే ఆ రాత్రి నేరుగ కాంపౌండ్‌కే పోతడు. జైలు శాఖ నడిపే పెట్రోల్ బంకులల్ల విడుదలైనోళ్ళకు పని ఇస్తరు, ముందు అక్కడ అడగాలె. లోపల ఫర్నిచర్, వెల్డింగ్, బేకరీ నేర్చుకున్నోళ్ళను చర్లపల్లి, మల్లాపూర్, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలల్ల చిన్న షెడ్లోళ్ళ దగ్గరికి తీస్కపోండ్రి. సర్టిఫికెట్ చూపెట్టుడు కాదు, ఒక రోజు పని చేసి చూపెట్టాలె. సేఠ్‌కు సంగతి ముందే చెప్పాలె. దాచిపెడితే నెలకు తెలుస్తది, తెలిసిన రోజు షాపుల ఏ వస్తువు పోయినా ఈనె మీదికే వస్తది.

కూలి పైసలు ఇంటి ఆఫీసుల జమ పెట్టించుకోకండ్రి. జైల్ల కూలి వేరేటోళ్ళ పుస్తకంల ఉండేది. ఇక్కడ గూడ అట్లనే అయితే మారింది ఏముంది? రోజు కూలి చేతికి వచ్చినంక సగం తన ఖాతాల తనే వేసుకోవాలె, మీ మనిషి పక్కన నిలబడి నేర్పాలె. ఏటీఎం, ఫోన్‌పే ఎరగనోళ్ళు శానా మంది. క్యూఆర్ కోడ్ చూసి పేపర్ అనుకుంటరు. మొదటిసారి 10 రూపాయల చాయ్ కొనిపించి నేర్పుండ్రి.

ఇంకో మాట. ఫోన్‌ల లోన్ యాప్‌లు. కొత్త ఫోన్ రాంగనే అండ్లనే పడుతరు. సిమ్ ఇచ్చిన రోజే ఇది చెప్పాలె.

---

మౌలాలి_వాసి

అందరికీ చాలా కృతజ్ఞతలండీ. రెండు సందేహాలు మిగిలాయి. జైలు చూసి వచ్చినవాళ్ళనే వార్డెన్లుగా పెట్టుకుంటే మేలని ఒక సభ్యుడంటున్నారు. ఇంకొకటి, ఇంటి ఓనరుకు, ఇరుగుపొరుగుకు చెప్పాలా వద్దా? చెబితే ఇల్లు దొరకదని భయం.

---

రాత్రిడ్యూటీ

మొదటిదానికి: పెట్టుకోండి, ఒక్కరినైనా తప్పకుండా పెట్టుకోండి. గేటు దగ్గర ఆగిపోయిన మనిషికి ఏమవుతోందో వాళ్ళకు చెప్పకుండానే తెలుస్తుంది. కానీ నాలుగు కట్టుబాట్లు. బయటికొచ్చి కనీసం రెండేళ్ళు గడిచి, వేరే పనిలో నిలబడి చూపినవాడై ఉండాలి. మీ ఇంట్లోంచి వెళ్ళిన నివాసిని వెంటనే వార్డెన్ చేయకూడదు, నిన్నటి తోటివాళ్ళ మీద అధికారం ఇచ్చినట్టవుతుంది. తన పాత కేసు సహనిందితుడు ఇంట్లోకి వస్తే షిఫ్టు మారాలి. నాలుగోది, మిగతా వార్డెన్లకు ఇచ్చే జీతమే అతనికీ ఇవ్వాలి. "సేవ" అని సగం జీతమిస్తే అది అన్యాయం, పైగా డబ్బు, తాళాలు, మందులు అతని చేతిలో ఉన్నప్పుడు ప్రమాదం కూడా. నిజానికి ఆ మూడూ ఎవరి చేతిలోనూ ఒకేసారి ఉండకూడదు.

వాళ్ళు తొందరగా అలసిపోతారు. ప్రతి కొత్త మనిషిలో తమ పాత రోజులు కనబడతాయి. వారానికి ఒక గంట కౌన్సెలర్‌తో సిబ్బంది కూర్చోవడం జీతంలో భాగంగా పెట్టండి. ఈ గంట మిగతా వార్డెన్లకూ కావాలి.

రెండోదానికి: ఓనరుకు చెప్పి తీరాలి. 11 నెలల అగ్రిమెంటులో "సొసైటీ ఆధ్వర్యంలో 12 మంది పెద్దల వసతి" అని రాయించండి. దాచి తీసుకున్న ఇంటికి ఒక్క పోలీసు జీపు వస్తే చాలు, మర్నాడే ఖాళీ చేయమంటారు, అప్పుడు పన్నెండు మంది రోడ్డు మీద. పది ఇళ్ళు తిరిగినా చెప్పి ఒప్పించిన ఇల్లే నిలుస్తుంది. పొరుగువాళ్ళకు ఇంటింటికీ తిరిగి ప్రకటించనక్కర్లేదు, అడిగితే అబద్ధం చెప్పవద్దు. బోర్డు మీద సొసైటీ పేరు చాలు. మెట్ల మీద గుంపుగా బీడీలు కాల్చడం, రాత్రి పదికి గట్టిగా ఫోను మాట్లాడడం, నీళ్ళ దగ్గర గొడవ, పొరుగు ఫిర్యాదులు ఎక్కువగా వీటి మీదే వస్తాయి, నేరాల మీద కాదు. నివాసులు, సిబ్బంది కలిపి పదిహేను మందికి రోజుకు రెండు వేల లీటర్ల నీళ్ళు కావాలి. సంపు చిన్నదైతే ట్యాంకరు ఖర్చు బడ్జెట్లో వేసుకోండి. బీడీలకు డాబా మీద ఒక మూల ఇవ్వండి. పిల్లల మీద నేరం చేసి శిక్ష అనుభవించినవాళ్ళను బడి పక్క వీధిలో ఉన్న ఇంట్లో చేర్చుకోవద్దు. బాధితుల కుటుంబం అదే బస్తీలో ఉంటే ఎవరినైనా సరే వేరే చోటికి పంపాలి. చేర్చుకునే ముందు ఈ రెండూ తప్పకుండా చూడండి.

---

వంటింటి_లెక్క

వంట గురించి ఎవరూ అడగలేదు గానీ, 14 మందికి (12 మంది నివాసులు, ఇద్దరు సిబ్బంది) బియ్యం మనిషికి రోజుకు 450 గ్రాముల చొప్పున నెలకు 190 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు ఎనిమిది. కందిపప్పు 30 కిలోలు, నూనె 15 లీటర్లు. ఇంటి గ్యాసు సిలిండరు సంస్థకు వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ కనెక్షన్ తీసుకోండి.

జైల్లో రాత్రి భోజనం సాయంత్రం లాకప్‌కు ముందే అయిపోతుంది. మొదటి వారాల్లో ఐదు గంటలకే ఆకలేస్తుంది, మళ్ళీ రాత్రి పదకొండుకు లేస్తారు. రెండు పూటలకూ ఏదో ఒకటి ఉండాలి. చపాతీలు దిండు కింద దాచుకునేవాళ్ళుంటారు. తిట్టవద్దు, వెతకవద్దు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో అటుకులు, బిస్కెట్లు తాళం లేని అరలో రాత్రంతా పెట్టి ఉంచండి. మూడు నాలుగు వారాలకు దాచడం దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే కౌన్సెలర్‌కు చెప్పాల్సిన సంగతి. వంట వంతులు నివాసులకు వేయవచ్చు, కానీ శిక్షగా వంట పని వేయకూడదు.

---

నాంపల్లి_వకీలు

ఇందాక హాజరు పుస్తకం అన్నాను, ఎలా ఉండాలో చెప్పలేదు. రాత్రి 10కి, పొద్దున 5కి నివాసి సంతకం, పక్కన వార్డెన్ సంతకం, వేళ. దీన్ని కాపలా కోసం పెట్టే పుస్తకమని నివాసులు మొదట్లో అనుమానిస్తారు. ఫలానా రాత్రి ఫలానా చోట నేరం జరిగిందని ఎవరైనా వచ్చి వేలు చూపితే, ఆ మనిషి ఎక్కడున్నాడో చెప్పే సాక్ష్యం అదొక్కటే అని మొదటి రోజే వివరించండి, తర్వాత వాళ్ళే అడిగి సంతకం పెడతారు. గేటు మీద ఒక్క కెమెరా చాలు, 30 రోజుల రికార్డింగ్ ఉండేలా. గదుల్లో, మెట్ల మీద కెమెరాలు వద్దు. పుస్తకం కుట్టు బైండింగ్‌ది తీసుకోండి, పేజీలకు ముందే నంబర్లు వేయించండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం చేయాలి, వైట్‌నర్ పూయకూడదు. నిండిన పుస్తకాలు ఇన్‌చార్జి దగ్గర కాకుండా సొసైటీ కార్యదర్శి ఇంట్లో ఉండాలి.